అంచులు కత్తిరించకండి

జిరాక్సు షాపులో పుస్తకాన్ని బోర్లించి, వెన్ను విరిగేలా అదిమి, పైన మూత వేసి కాపీ తీయడం మనందరం చూసిందే. ఓవర్‌హెడ్ స్కానర్ దగ్గర పుస్తకం వెల్లకిలా పడుకుంటుంది. బల్ల మీద నల్లటి మ్యాట్, దాని మీద తెరిచిన పుస్తకం, పైన స్టాండుకి మెడ వంచి చూస్తున్న కెమెరా, దాని పక్కన ఒక వరుస లైట్లు. పేజీ తిప్పి కాలి కింద పెడల్ నొక్కితే చాలు, ఎదురెదురు పేజీలు రెండూ కంప్యూటర్లోకి వెళ్ళిపోతాయి. కుట్టు దగ్గర కాగితం లోపలికి దిగి వంపు తిరుగుతుంది కదా, ఆ వంపు ఎంతో తెలుసుకోవడానికి కొన్ని మోడళ్ళు పేజీ మీద సన్నటి లేజర్ గీతలు వేస్తాయి. గీత ఎక్కడ ఎంత వంగిందో చూసుకుని సాఫ్ట్‌వేర్ ఆ పేజీని చదును చేస్తుంది. పుస్తకాన్ని పట్టుకున్న బొటనవేళ్ళను కూడా బొమ్మలోంచి తీసేస్తుంది.

ఒకప్పుడు ఇలాంటివి పెద్ద పెద్ద సంస్థల్లోనే ఉండేవి. 2009లో అమెరికాలో డానియల్ రీట్జ్ అనే యువకుడు జనం పారేసిన సామాన్లు ఏరుకొచ్చి, రెండు మామూలు డిజిటల్ కెమెరాలు బిగించి సొంతంగా ఒక పుస్తకాల స్కానర్ తయారుచేసుకున్నాడు. అంతటితో ఊరుకోక, అది ఎలా చేయాలో లోకానికంతా విప్పి చెప్పాడు. 2013లో ఫుజిత్సు ఎస్‌వి600 వచ్చింది. ఆ తర్వాత చైనా కంపెనీలు దిగాక ధర ఒక మాదిరి స్మార్ట్‌ఫోను ధరకి చేరింది. నేను కొన్నది అలాంటిదే. తెనాలి ఇల్లు అమ్మాక నాన్నగారి పుస్తకాలు, ఇంటి ఆల్బములు, ఉత్తరాల కట్టలు అన్నీ విజయవాడలో నా గదికి వచ్చి చేరాయి. వాటి కోసం కొన్నాను.

ఈ యంత్రం చూపే చొరవంతా శుభ్రం చేయడం మీదే. పసుపెక్కిన కాగితాన్ని తెల్లగా చేస్తానంటుంది. మరకలు పోగొడతానంటుంది. అక్షరాల్ని నల్లగా దిద్దుతానంటుంది. అంచులు కత్తిరించి, అచ్చైన భాగం మాత్రం చక్కగా మధ్యకి తెస్తానంటుంది. నేను వాటన్నిటినీ ఆపేశాను. ఇంట్లో స్కానర్ పెట్టుకున్న వాళ్ళందరినీ ఆపేయమనే బతిమాలుతున్నాను. పుస్తకంలో అచ్చైన భాగం ప్రచురణకర్త ఇచ్చింది. దానికి మన ఇల్లు చేర్చిందేదైనా ఉంటే, అది ఆ అంచుల్లోనే ఉంటుంది.

అచ్చైన భాగాన్ని కాపాడే పని మనకంటే ముందే, మనకంటే పెద్దవాళ్ళు తలకెత్తుకున్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కృత్రిమ మేధ మీద చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాల్ని స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టాలని సంకల్పించారు. ఆ ప్రయత్నంలో మన దేశపు పాయే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దానికొక ముఖ్య కేంద్రం. అక్కడ వాడిన మినోల్టా పిఎస్7000 కూడా పైనుంచి చూసే స్కానరే. ఆ పుస్తకాలు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. మారుమూల పల్లెలో ఉన్న పరిశోధక విద్యార్థి, ఏ లైబ్రరీ గడపా తొక్కకుండా, తొంభై ఏళ్ళనాటి తెలుగు పుస్తకం ఈ రాత్రే తెరిచి చదువుకోగలుగుతున్నాడంటే వాళ్ళ పుణ్యమే. తెలుగుకి ఇంతకు మించిన సేవ ఈ పాతికేళ్ళలో మరొకటి జరిగిందని నేననుకోను.

అయితే అన్ని పుస్తకాలు అంత త్వరగా, అంత తక్కువ చోటులో ఇమడాలంటే ఒక పద్ధతి ఎంచుకోక తప్పదు. వాళ్ళు ఎంచుకున్నది అంగుళానికి 600 చుక్కలు, ప్రతి చుక్కా నలుపో తెలుపో ఏదో ఒకటి. మధ్యలో బూడిదరంగు లేదు. అచ్చక్షరానికి అది సరైన పద్ధతి, ఒత్తులు కూడా పదునుగా వస్తాయి. లేత పెన్సిలు గీత మాత్రం ఆ లెక్కలో తెలుపు కింద జమపడి మాయమవుతుంది. ఊదారంగు రబ్బరు స్టాంపు నల్లటి మచ్చవుతుంది. లైబ్రరీకి పెన్సిలు గీతతో పనిలేదు కాబట్టి అది లోపం కాదు. ఆ గీతతో పని ఉన్నది మనకి.

మా నాన్న హైస్కూల్లో తెలుగు పండితులు. ఆయన దగ్గర వావిళ్ల వారి భారతం ఉంది. అందులో విరాటపర్వం వీపు ఊడిపోయి, పురికొసతో కట్టి ఉంది. ఆ పుస్తకంలో ఉన్న పద్యాలు నాకు నెట్‌లో కావలసినన్ని చోట్ల దొరుకుతాయి. కానీ ఒక ఉత్పలమాల దగ్గర, అచ్చక్షరాల నెత్తిన, సన్నగా చెక్కిన పెన్సిలుతో గురువులకి యు, లఘువులకి నిలువు గీత వేసుకుంటూ మొదటి పాదమంతా నడిచారాయన. పక్కన భ ర న భ భ ర వ. పదో అక్షరం చుట్టూ చిన్న సున్న చుట్టారు, యతి అక్కడని. కింద అంచున, ‘9 బి, సోమవారం ఇక్కణ్ణించి’. ఉత్పలమాల గణాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషికి అవి రాసుకోవలసిన అవసరం లేదు. రేపు ఏ పాదాన్ని బోర్డు మీద వేస్తే వెనక బెంచీవాడికి కూడా చప్పున తెలుస్తుందోనని ముందురోజు రాత్రి కూర్చుని వెతుక్కున్న ఆనవాలు అది. ఒక బళ్ళో ఒక సోమవారం పాఠం ఎలా తయారైందో చెప్పే కాగితం ఇంకెక్కడా లేదు.

అదే పేజీలో కుడి అంచున నీలి సిరాతో వేరే చేతిరాత ఉంది. ఒక సమాసానికి నాన్న రాసుకున్న అర్థం పక్కన ప్రశ్నార్థకం వేసి, రెండు మాటల్లో మరో అర్థం సూచించారెవరో. దాని కింద మళ్ళీ నాన్న పెన్సిలు: ‘కావచ్చు’. ఆ రాత ఎవరిదో నాకు అంతుపట్టలేదు. రంగుల్లో స్కాన్ చేసిన ఆ పేజీని నాన్న శిష్యుల్లో ఒకాయనకి పంపాను, ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. ఒక పూట గడవకముందే ఫోన్ చేశారు. “ఈ తలకట్లు చూడండి, కొస పైకి తిప్పి విడుస్తున్నాడు. ఇది మా డ్రాయింగ్ మాస్టారి రాతండీ. సినిమా బోర్డులు కూడా రాసేవారు. ఆయన భారతం చదివేవారని నాకు ఇప్పుడే తెలిసింది!” అన్నారు. బూడిదరంగులో తీసి ఉంటే పెన్సిలూ సిరా ఒక్కలాగే కనబడేవి, ఒకరే రాసుకున్నారనుకునేవాళ్ళం. ఒకే కాగితం మీద ఇద్దరు మాస్టర్లు మాట్లాడుకున్న సంగతి బయటపడేదే కాదు.

పోల్చి చూద్దామని ఆ పేజీనే ‘మెరుగుపరచు’ నొక్కి కూడా తీశాను. కాగితం తెల్లగా మెరిసిపోయింది. వావిళ్ల వారి అచ్చు నిన్న ప్రెస్సులోంచి వచ్చినట్టుంది. గురులఘువులు పోయాయి, 9 బి పోయింది. నీలి సిరా మాత్రం అక్కడక్కడా తెగి, దుమ్ము అనుకునేలా మిగిలింది.

అట్ట లోపలి పేజీలు, చివరి ఖాళీ పేజీలు చాలామంది స్కాన్ చేయరు. అచ్చు లేదు కదా అని వదిలేస్తారు. మా ఇంట్లో పాల లెక్క రాసింది అక్కడే. పుస్తకం ఎరువు తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు రాసిందీ, తిరిగిచ్చాక కొట్టేసిందీ అక్కడే. కొట్టివేత పడని పేర్లు కూడా ఉన్నాయి, ఆ పుస్తకం మళ్ళీ ఇల్లెలా చేరిందో మరి. పుస్తకాల షాపు స్టాంపును బట్టి అది రాజమండ్రిలో కొన్నదో బెజవాడలో కొన్నదో తెలుస్తుంది. విశాలాంధ్రలో కొన్న మాస్కో పుస్తకాలు, రాదుగ వాళ్ళవి, ప్రగతి వాళ్ళవి, మంచి కాగితం కనుక ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో పేజీ గుర్తుగా ఒక శుభలేఖ దొరికింది. నాలుగు మూలలా అద్దిన పసుపు ముదిరి గోధుమరంగుకి తిరిగింది. స్కానర్ దాన్ని మరక అంటుంది. ఆ పసుపు లేకపోతే అది శుభలేఖెలా అవుతుంది?

అంచుల మీద ఇంత పట్టు నాకు కొత్తగా పుట్టింది కాదు. మన తాళపత్రాల్లో లేఖకుడు గ్రంథమంతా నకలు చేసి, చివర తన మాట నాలుగు ముక్కలు చెప్పుకునేవాడు. ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథినాడు పూర్తయిందో, ఎవరి కోసం రాశాడో చెప్పేవాడు. చూసిన ప్రతిలో ఎలా ఉంటే అలా రాశాను, తప్పు నాది కాదని వేడుకునేవాడు. నడుమూ మెడా విరిగేలా వంగి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని చదువరిని అడిగేవాడు. పండితులు ప్రతుల వయసు తేల్చింది చాలాసార్లు ఈ చివరి మాటలతోనే. కావ్యంతో నిమిత్తం లేదని వాటిని వదిలేసి ఉంటే కావ్యచరిత్రే కుంటుపడేది. కడపలో తన బంగళాలో పండితుల్ని పెట్టుకుని, సొంత డబ్బుతో ప్రతుల మీద ప్రతులు తెప్పించి నకళ్ళు రాయించి, పోల్చి చూపించిన బ్రౌన్ దొరకి ఒక ప్రతికీ మరో ప్రతికీ ఉండే తేడా విలువ బాగా తెలుసు. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నిలిచి ఉంది.

అందుకే ప్రతి పుస్తకం చివర నేనూ ఒక తెల్ల కార్డు పెట్టి స్కాన్ చేస్తున్నాను. పుస్తకం ఎవరిది, ఏ తేదీన ఏ ఊళ్ళో తీశాను, ఏ యంత్రంతో తీశాను, ఏ పేజీలు చినిగాయి, ఏవి మొదటినుంచీ లేవు అన్నది చేత్తో రాసి పెడతాను. ఫైలు ఎన్ని చేతులు మారినా ఆ కార్డు దాన్ని వదిలిపోదు.

పత్రికలది వేరే కష్టం. చౌకరకం కాగితంలో కలపగుజ్జుతో పాటు ఉండిపోయిన లిగ్నిన్ వెలుతురుకీ గాలికీ పసుపెక్కుతుంది, ఆమ్లం నారని కొరికేస్తుంది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన ‘భారతి’ సంచికలు కొన్ని నాన్న బైండు చేయించి దాచారు. మధ్య సంవత్సరాలవి కొన్ని, పేజీ మూల పట్టుకుంటే అప్పడంలా విరిగిపోతున్నాయి. ఇలాంటి వాటి దగ్గర ఓవర్‌హెడ్ స్కానర్ విలువ తెలుస్తుంది. గాజు కింద అదిమే పనిలేదు. సన్నటి అట్టముక్క కిందికి పోనిచ్చి, దాని మీద పేజీని మోసుకొచ్చి అవతలికి వాల్చాలి. ఫ్యాను ఆపాలి. ఒక పక్క దొంతర ఎత్తుగా, మరో పక్క పల్లంగా ఉంటే పల్లం వైపు ఒక పాత నోటుపుస్తకం ఎత్తు పెట్టాలి. పక్కకుట్టు పుస్తకమైతే లోపలి అంచున ఒకటి రెండు అక్షరాలు కుట్టులోకి పోతాయి, ఏ లేజరూ వాటిని బయటికి లాగలేదు. కుట్టు విప్పుదామా అన్న ఆలోచన వస్తుంది. నేను విప్పను.

ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఈ యంత్రాన్ని అంతగా నమ్మకూడదు. లెక్క చాలా సులువు. 16 మెగాపిక్సెళ్ళ కెమెరా ఏ3 కాగితం మొత్తాన్ని ఒకేసారి చూస్తే అంగుళానికి దక్కేవి దాదాపు 280 చుక్కలు. డెమ్మీ సైజు పుస్తకంలో అచ్చు చదవడానికి అది చాలు. కానీ అగ్ఫా క్లిక్ 3 రోజుల్లో నెగటివు సైజులోనే కడిగించిన ఫొటో పక్కకి రెండుంపావు అంగుళాలే ఉంటుంది. అందులో పక్కకి 630 చుక్కలొస్తే ముఖాలు ఏం తెలుస్తాయి? మామూలు గాజుపలక స్కానరు మీద 1200లో పెడితే 2,700 వస్తాయి. కాబట్టి చిన్న ఫొటోలన్నీ దాని మీదే తీయాలి. జరీబోర్డర్ అట్టలకి అంటించిన పెద్ద ఫొటోలు, నల్లకాగితాల పెళ్ళి ఆల్బములు, గాజుకి అతుక్కుపోయి ఊడదీస్తే ముఖం ఊడొచ్చే పటాలు మాత్రం పైనుంచి తీయవలసిందే. అప్పుడు పైనున్న లైటు ఆపేసి, రెండు పక్కల నుంచీ నలభై అయిదు డిగ్రీల వాలుగా వెలుగు పడేలా చూసుకుంటే మెరుపు కొట్టదు. పాత నలుపుతెలుపు ఫొటోల్లో నీడల చోట నీలంగా అద్దంలా మెరిసే పొర ఒకటుంటుంది. అది దుమ్ము కాదు, కాగితంలోని వెండి పైకి తేలడం. తుడవకూడదు.

ఫొటోకి అంచు ఎక్కడ? మా స్కూలు గ్రూపు ఫొటోకి చుట్టూ బూడిదరంగు అట్ట, కింద ‘కూర్చున్నవారు, ఎడమ నుండి కుడికి’ అని అచ్చువేసిన పేర్లు. ఆటోమేటిక్‌గా కత్తిరించే సాఫ్ట్‌వేరు మనుషుల్ని ఉంచి పేర్లు తీసేసింది. ప్రతి ఫొటోకీ వెనకవైపు కూడా అంచు కిందే లెక్క. స్టూడియో స్టాంపు, నెగటివు నంబరు, ‘బాబాయికి ప్రేమతో’, పోస్టులో పంపినప్పటి సిరా మరక, అన్నీ వెనకే. నేను ముందొకటి, వెనకొకటి వరుసగా తీసి, రెండిటికీ ఒకే నంబరు ఇస్తున్నాను. ఎనభైల నాటి రంగు ఫొటోలన్నీ ఎర్రబారాయి. బీరువాలో చీకట్లో ఉన్నా సరే, వాటిలో నీలిపచ్చ రంగే ముందు చస్తుంది, మిగిలిన ఎరుపు పైకొస్తుంది. సరిదిద్దవచ్చు. సరిదిద్దినది వేరే ఫైలుగా ఉండాలి, ఎర్రబారినది అలాగే ఉండాలి.

నలుపుతెలుపు ఫొటోకి రంగులద్దే ప్రోగ్రాములు ఇప్పుడు ఫోన్లలోనే వచ్చాయి. మా అన్నయ్య కొడుకు మా మేనత్త పెళ్ళినాటి ఫొటోకి ముచ్చటపడి రంగులు వేసి తెచ్చి చూపించాడు. అత్త కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. “నీలం కాదురా నాయనా, అది వంకాయ రంగు వెంకటగిరి చీర. మా అన్నయ్య స్వయంగా వెళ్ళి తెచ్చాడు” అంది. వాడు వెంటనే రంగు మార్చబోయాడు. నేను ఆపి, ముందు ఆ మాట ఫొటో నంబరు కింద రాయమన్నాను. బొమ్మలోని బూడిదరంగులో చీర రంగు లేదు, ఏ ప్రోగ్రామూ దాన్ని తోడి తీయలేదు. ఆ రంగు ఎనభై ఏళ్ళు దాటిన మా అత్త దగ్గర ఉంది. అందుకని ఇప్పుడు ఫొటోలు తీసే పనికంటే, తీసినవి పట్టుకెళ్ళి పెద్దవాళ్ళ పక్కన కూర్చునే పనిని ముందుకు జరిపాను. ఫొటోలు మరో ఐదేళ్ళు ఆగగలవు.

నెట్‌లో పెట్టడం గురించి ఒక మాట. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళు హక్కు వారసులది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1961లో పోయారు కాబట్టి 2022 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. చలం 1979లో పోయారు, 2039 చివరిదాకా ఆగాలి. ఇంట్లో చదువుకోవడానికి తీసుకున్నది ఇంట్లోనే ఉండాలి. ఇంటి ఉత్తరాలకీ ఫొటోలకీ చట్టంతోపాటు మర్యాద కూడా ఉంది. అందులో ఉన్నవాళ్ళో వాళ్ళ పిల్లలో ఒప్పుకుంటేనే బయటికి వెళ్ళాలి.

ఇక బొమ్మలోంచి అక్షరాల్ని చదివించే ఓసీఆర్. నా యంత్రంతో ఇచ్చిన ప్రోగ్రాముకి తెలుగు రాదు. గూగుల్‌ది చదువుతుంది, కొత్త అచ్చయితే బాగానే చదువుతుంది. పాత సీసపు అచ్చు దగ్గర మ అన్నది వు అవుతుంది, ఘ అన్నది ఫు అవుతుంది, ధకీ థకీ మధ్యనున్న చుక్క ఎగిరిపోతుంది, అరసున్న ఎక్కడికి పోతుందో తెలియదు. పద్యం నెత్తిన గురులఘువులున్న పేజీ ఇస్తే పూర్తిగా తికమకపడుతుంది. అందుకని దాన్ని వెతుక్కోవడానికి మాత్రమే వాడుతున్నాను. అసలు దస్తావేజు బొమ్మే. ఆ బొమ్మలు మూడు చోట్ల ఉంచాను. ఇంట్లో ఒక హార్డ్‌డిస్కు, గుంటూరులో చెల్లెలి దగ్గర ఒకటి, ఇంకొకటి క్లౌడులో. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి, “నాన్నా, అన్నీ స్కాన్ అయిపోయాయిగా, పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేస్తే గదికి గాలి వస్తుంది” అన్నాడు. వాడి మాటలోనూ న్యాయముంది. మరో ప్రతి ఎక్కడైనా దొరికే పుస్తకాలు, అంచుల్లో ఏమీ లేనివి, మా పేట శాఖా గ్రంథాలయానికి ఇచ్చాను. గీతలున్నవి ఇవ్వలేదు. పెన్సిలు ఎంత లోతుగా నొక్కుకుపోయిందో వేలితో తడిమితే తెలుస్తుంది, పైనున్న కెమెరాకి తెలియదు.

ఫొటోల్లో మనుషుల పేర్లు రాయడంలో ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరు చెప్పారో కూడా రాయాలి. తెనాలి ఇంటి అరుగు మీద తీసిన ఫొటోలో చివర నిలబడ్డ కుర్రాణ్ణి మా బాబాయి తన స్నేహితుడంటాడు. అత్తేమో, “వాడు కాదురా, మన పాలేరు కొడుకు, ఆ రోజు వాణ్ణి కూడా నిలబడమన్నది మీ తాతయ్యే” అంటోంది. రెండూ రాశాను, ఎవరి మాట ఏదో కూడా రాశాను. ఆ కుర్రాడికి అదొక్కటే ఫొటో అయి ఉండవచ్చు. సంక్రాంతికి ఇద్దరూ చెల్లెలింట్లో కలుస్తున్నారు. ఆ ఫొటోని, అట్టతో సహా, ఏ4 సైజులో ప్రింటు తీయించి పట్టుకెళ్తున్నాను.